గుంత చుట్టూ తెల్ల గీత

స్కార్ల్‌బీలో, టానర్స్ లేన్ మలుపులో,
నా చెప్పుల మరమ్మతు కొట్టుకు ఎదురుగా
ఒక గుంత ఉంది.
కౌన్సిల్ వాళ్ళు వచ్చి దాని చుట్టూ తెల్ల గీత గీసి వెళ్ళారు.
ప్రభుత్వం మారింది. మళ్ళీ వచ్చారు.
ఈలోగా గుంత ఒళ్ళు చేసింది కనక
బయటి నుంచి ఇంకో గీత గీశారు.
ఇప్పటికి నాలుగు.
మొద్దు మీది వలయాలతో చెట్టు వయసు చెప్పినట్టు
దీన్ని చూసి ప్రధానమంత్రుల్ని లెక్కపెట్టొచ్చు.
ఒకరి గీత మాత్రం
రంగు ఆరకముందే వానకు కొట్టుకుపోయింది.

లండన్‌లో ఖజానాకూ గుంత పడిందట.
పెద్దింటి గుంత కదా, నల్ల బిలం అంటారు.
టై కట్టుకున్నాయన టీవీలో
దాని లోతు గాలిలో చేత్తో కొలిచి చూపించాడు.
తవ్విందెవరో రెండు పక్షాలకూ రూఢిగా తెలుసు:
ఎదుటి పక్షం.
పూడ్చేదెవరన్న దగ్గర మాత్రం
ఇద్దరికీ పేచీ లేదు,
ఇద్దరూ మా వైపే చూశారు.

మంగళవారం కెమెరా దిగింది,
సామాన్యుల గుండె చప్పుడు వినడానికి,
సాయంత్రం నాలుగున్నర రైలు అందుకునేలోగా.
చేపల కొట్టు ముర్యల్ గార్‌సైడ్ ముందు మైకు పెట్టి
"మీకు కోపంగా ఉంది కదా?" అని అడిగిందా అమ్మాయి.
ముర్యల్ చేతులు తుడుచుకుని
ఇరవై నిమిషాలు చెప్పింది.
కాడ్ చేప ధర చెప్పింది.
చచ్చిన చేపను చల్లగా ఉంచడానికయ్యే కరెంటు
బతికున్న మొగుణ్ణి వెచ్చగా ఉంచడానికి మిగలడం లేదంది.
పళ్ళ డాక్టరు నలభై మైళ్ళ అవతల,
అదీ పద్నాలుగు నెలల తర్వాత,
అందుకని క్లిఫర్డ్ తన దవడ పన్ను తనే పీక్కున్నాడని చెప్పింది.
(పట్టకారు నాదే.)
"మరి వలసల సంగతి?"
"బాతులా? ఈ ఏడు తొందరగానే వచ్చాయి," అంది,
"రానీ పాపం, ఊరికి కాస్త సందడి."

రాత్రి వార్తల్లో ముర్యల్‌ది నాలుగు క్షణాలు.
మైకు సర్దుతున్నప్పుడు, ఓట్లు ఎవరికి అంటే,
"ఏమో, తెలీదమ్మా" అందే, అదొక్కటి.
తర్వాత నలుగురు కూర్చుని నలభై నిమిషాలు
ఆ "ఏమో"కు భాష్యం రాశారు.
అది తిరుగుబాటన్నారొకరు.
వెనకాల ఎవరో ఉన్నారన్నారొకరు.
ఉన్నది క్లిఫర్డే, ఐసు మోస్తూ.
పొద్దున ఒక పత్రిక: ఉత్తరాది ఏమో అంటోంది, ఖబడ్దార్!
ఇంకో పత్రిక: ఏమోట, ఎంత పొగరు!
ఏమో అనేవాళ్ళు రెండు శాతం పెరిగారని సర్వే.
పౌను ఆ మాట వినో, దేనికో,
మధ్యాహ్నానికి కాస్త జారి
టీ వేళకు లేచి కూర్చుంది.

శుక్రవారం మంత్రి వచ్చాడు,
గోడైనా కట్టని చోటికి ఇనపటోపీ పెట్టుకుని.
ఏ ఎండకా గొడుగంటారు,
ఎండే లేని దేశంలో ఏ వానకా టోపీ.
గుంత పడకుండా, సముద్రం పడేలా
కెమెరాను రెండు సార్లు జరిపారు.
ముర్యల్‌తో మనసు విప్పి మాట్లాడానన్నాడు.
ఒక స్మోక్డ్ హ్యాడక్ కొన్నాడు,
ఆమె ముప్పై పెన్నీలు చిల్లర ఇచ్చింది,
విప్పింది సంచీ మూతి ఒక్కటే.
వెళ్ళేటప్పుడు కారు గుంత అంచు దాకా వచ్చి
ఒడుపుగా పక్కకు తప్పుకుంది.
లండన్ డ్రైవరు, తప్పించుకోవడం నేర్పక్కర్లేదు.

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ గుంతలో వాటా ఉంది.
వారానికి ముగ్గురైనా అందులో మడమ విరగ్గొట్టుకుని
కుంటుతూ నా గుమ్మం ఎక్కుతారు.
ఆర్థిక వృద్ధి వృద్ధి అంటుంటే
ఎక్కడబ్బా అనుకునేవాణ్ణి.
నా గల్లాపెట్టెలోనే ఉంది,
సున్నా పాయింటు ఒకటి.

పన్ను జోలికి పోమని మంత్రి మాటిచ్చి వెళ్ళాడు.
మాట మీదే ఉన్నారు, కాదనలేం.
క్లిఫర్డ్‌కు ఎడమ వైపు ఇంకోటి కదులుతోంది,
ఇంతవరకు ఎవరూ దాని జోలికి రాలేదు.
నా పట్టకారూ తిరిగి రాలేదు.